నెమలి సీసా

మేబెల్ టీచర్‌కి వచ్చిన పచ్చకామెర్లు రెండు నెలల్లో తగ్గిపోయాయి గానీ, వాటి వెంట ఇంట్లోకొచ్చిన సీసా మాత్రం ఏడాది కావస్తున్నా ఆమెను వదల్లేదు.

లేతాకుపచ్చ సీసా అది. మందపాటి గాజు, పొడుగు మెడ, బొద్దు పొట్ట. పొట్టమీద పురి సగం విప్పిన నెమలి, గాజు అచ్చులోనే పోసింది. ఒకప్పుడు సీతాఫల్‌మండి స్టేషన్ దారిలో పర్వతాలు నడిపిన షర్బత్ దుకాణంలో ఇలాంటి సీసాలు వరసగా నిలబడి ఉండేవి. ప్లాస్టిక్ బాటిళ్లు వచ్చాయి, దుకాణం పోయింది. పర్వతాలు ఇప్పుడు బోయిన్‌పల్లి మార్కెట్లో ఒక ఉల్లిగడ్డల షావుకారు దగ్గర కాటా చూసుకుంటున్నాడు. సీసా అతని భార్య పుష్పమ్మది. మేబెల్ ఇల్లు గోడకి ఇవతల, పుష్పమ్మ ఇల్లు గోడకి అవతల.

జబ్బుకి ముందు ఇద్దరి మధ్యా ఉన్నది నల్లా సంబంధం ఒక్కటే. రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు ఎవరింట్లోకి ఎక్కువ పోతున్నాయన్నదే వాళ్ల మాటల్లో సారం. "మోటారు గానీ పెట్టారా పుష్పమ్మ గారూ?" అని మేబెల్ గోడ మీదుగా మర్యాదగా అడిగేది. ఆ మర్యాదలో ఎంత కారం ఉందో అడిగినామెకీ తెలుసు, విన్నామెకీ తెలుసు. "మాకేడిది మోటరు, టీచరమ్మా" అని పుష్పమ్మ అంతకన్నా మర్యాదగా జవాబిచ్చేది. మోటారు రెండిళ్లలోనూ ఉంది. ఇది చాలదన్నట్టు మేబెల్ ఒకసారి మేస్త్రీని పిలిపించి గోడ మీద సిమెంటు పోయించి, అందులో గాజు పెంకులు గుచ్చించింది. దొంగల కోసం అని అందరికీ చెప్పింది. పుష్పమ్మ ఆ పెంకులు చూసి, తన జామచెట్టు కొమ్మ ఒకటి ఇటువైపుకి వంగుతుంటే నరికించేసింది.

అలాంటి పుష్పమ్మ, కిందటి వానాకాలంలో ఒక పొద్దున, అదే గోడ మీద గోనెసంచి పరిచి ఇటు దూకింది.

అప్పుడు మేబెల్ భర్త ఆర్థర్ డ్యూటీలో ఉన్నాడు. గూడ్సు బండికి గార్డు, బల్లార్షా వైపు వెళ్లినవాడు ఎప్పుడొస్తాడో బండికే తెలియాలి. కూతురు దేవకృప గుంటూరులో అత్తగారింట నెలలు నిండి ఉంది. మేబెల్‌కి రోజూ కోడి కూసే వేళకి లేచి కీర్తన పాడే అలవాటు. శృతి ఒకచోట, గొంతు ఒకచోట. ఎన్నో ఏళ్లుగా ఆ పాటతో నిద్ర చెడిపోతోందని పుష్పమ్మ వీధంతా చెప్పుకునేది. ముందురోజూ ఆ రోజూ పాట వినిపించకపోయేసరికి ఆమెకే ఏదో తేడా అనిపించింది. తలుపు కొడితే పలుకు లేదు. గోడ దూకి, వంటింటి వైపు తలుపు తోసుకుని లోపలికెళితే, పసుపు పూసినట్టున్న ముఖంతో టీచరమ్మ నేలమీద పడి ఉంది. పుష్పమ్మ అరచేతిలో ఒక పెంకు దిగి రక్తం కారుతూనే ఉంది. ఆ చేత్తోనే ఆటో పిలిచి, ఆ చేత్తోనే పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఇంకొక్కరోజు ఆలస్యమైతే మనిషి చేతికొచ్చేది కాదన్నాడు డాక్టరు.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక పథ్యం మొదలైంది. నూనె లేదు, కారం లేదు, పొద్దున్నే బార్లీ నీళ్లు. ఆ బార్లీ నీళ్లు రోజూ నెమలి సీసాలో వచ్చేవి. పుష్పమ్మ అడుగు బయటికి పెట్టకుండా మంచం దగ్గరే కూర్చుని, గ్లాసులో పోసి, చివరి గుక్క దిగేదాకా చూసి, సీసా తీసుకుని వెళ్లేది. మేబెల్ వద్దంటే వినేది కాదు. "నువ్వు తాగకుంటె నేను పోను. నాకు ఇంటికాడ శాన పనున్నది, జెర జల్ది తాగు" అనేది.

మేబెల్ లేచి తిరగగలిగిన రోజున మొదట చేసిన పని, మేస్త్రీని మళ్లీ పిలిపించి గోడమీది పెంకులన్నీ రాల్చేయించడం. ఆ పూట పుష్పమ్మ సీసా వదిలేసి వెళ్లింది. మేబెల్ దాన్ని శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, చేతిలోకి తీసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

పక్కింటివాళ్ల గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు. ఇది మేబెల్‌కి వాళ్లమ్మ నేర్పిన పాఠం. ప్రార్థన తర్వాత అంత గట్టిగా నేర్పింది ఇదొక్కటే. కాస్త పంచదారయినా, నాలుగు కరివేపాకు రెబ్బలయినా వేసివ్వాలి. మరి ప్రాణం నిలబెట్టిన సీసాలో ఏం పోసివ్వాలి? ఆమె బాగా ఆలోచించి, ఆర్థర్ బండిమీద వస్తూ తెచ్చిన అడవితేనె నిండా పోసి ఇచ్చింది.

వారం తిరక్కుండా సీసా వెనక్కి వచ్చింది. నిండా గానుగ నువ్వుల నూనె.

మేబెల్ అల్లం షర్బత్ కాచి పంపింది. పుష్పమ్మ వెన్న కాచిన నెయ్యి పంపింది. క్రిస్మస్‌కి మేబెల్ ఇంట్లో పట్టిన ద్రాక్షరసం వెళ్లింది. సంక్రాంతికి ముందే చెరుకుపాకం వచ్చింది. ఆర్థర్‌కి డ్యూటీలో ఇదొక అదనపు డ్యూటీ అయిపోయింది. ఏ స్టేషన్‌లో దిగినా, "సీసాలో పట్టేది ఏదైనా దొరుకుతుందా?" అని వెతుక్కోవడమే. సీసా అటూ ఇటూ తిరిగి తిరిగి వీధిలో పిల్లలకి కూడా తెలిసిపోయింది. కానీ మేబెల్ మనసులోది మాత్రం ఎప్పుడూ చేరాల్సినచోటికి చేరలేదు. ఆమె తీసుకెళ్లిన ప్రతిదాన్నీ పుష్పమ్మ అందుకుని, "గిప్పుడిదేంటికి టీచరమ్మా" అని పక్కన పెట్టేసేది. "మీరు లేకపోతే నేను లేను" అని మేబెల్ నోరు తెరిస్తే, "ఏం జేసిన, గోడ దుంకిన, గంతే గద" అని లేచి వెళ్లిపోయేది.

కృతజ్ఞత అనేది చెప్పుకోనివ్వకపోతే గొంతులో ముల్లులా ఉంటుంది. మేబెల్ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పింది, దేవుడికి స్తోత్రాలు చెప్పింది, పుష్పమ్మ పేరు కూడా చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. ఆమెన్ అనాల్సిన మనిషి మాత్రం ఆ వేళకి ఇంట్లో పప్పు తాలింపు పెట్టుకుంటోంది.

జూన్ నెలలో సైనిక్‌పురిలో ఉండే ప్రేమమణి ఇంటికి వెళ్లినప్పుడు దారి దొరికింది. ప్రేమమణి మేబెల్‌తో ఒకే స్కూల్లో పాఠాలు చెప్పింది. భర్త మిలిటరీలో చేసి రిటైరయ్యాడు. వాళ్ల ముందుగదిలో టీవీ పక్కన ఒక సీసాలో చిన్నచిన్న బల్బులు వెలుగుతున్నాయి. మిలిటరీ కోటా రమ్ము సీసా అది. లేబుల్ ఊడబీకి, ఆ జాగాలో బైబిల్ వాక్యం రాసిన కాగితం అంటించింది. ఇంట్లో అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. వాటిని ఖాళీ చేసిందెవరని చర్చి స్త్రీల కూడికలో ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

"వైరు లోపలికి ఎలా వెళ్లింది?" అంది మేబెల్.

"అడుగున కన్నం పెట్టాను. గాజుకి వేరే బిట్ ఉంటుంది, రాణిగంజ్‌లో దొరుకుతుంది. నా డ్రిల్లు తీసుకెళ్లు. ఒక్కటే గుర్తు పెట్టుకో, నొక్కకు. నొక్కితే పగులుతుంది. నీళ్లు పోస్తూ ఉండు, అదే దిగుతుంది."

బస్సులో తిరిగొస్తూ మేబెల్ తనలో తనే నవ్వుకుంది. పక్కన కూర్చున్నావిడ కాస్త జరిగి కూర్చుంది. మేబెల్ నవ్వుకి కారణం ఉంది. కన్నం పడిన సీసాలో నూనె పోయలేరు, నెయ్యి పోయలేరు, చెరుకుపాకం అసలే పోయలేరు. సీసాని వెలుగుతో నింపి ఇస్తే పుష్పమ్మ ఇంక దాన్ని దేనితో నింపి వెనక్కి పంపుతుంది? ఈసారి ఇచ్చింది ఆ ఇంట్లోనే ఉండిపోవాలి. అప్పటికి సీసా మేబెల్ దగ్గరే ఉంది, పుష్పమ్మ పంపిన మజ్జిగచారు ఖాళీ చేసి కడిగి పెట్టింది.

నెమలి సీసా మీదే చేయి చేసుకునేంత ధైర్యం ఆమెకి లేదు. ముందు పాతసామాన్ల బండివాడిని ఆపి ఖాళీ సీసాలు కొంది. అతని దగ్గర ఉన్నవన్నీ బీరు సీసాలు, బ్రాందీ సీసాలు. వరండాలో అవి ఆరుతుండగా స్త్రీల కూడిక పెద్ద రోసమ్మ చందాకి వచ్చి, సీసాల వంక చూసి, ఆర్థర్ కోసం ఉపవాస ప్రార్థన పెట్టమంటారా అని మెల్లగా అడిగి వెళ్లింది. డ్యూటీ నుంచి వచ్చిన ఆర్థర్ ఆ మాట విని, తాగకుండానే పేరొచ్చిందని మూడు రోజులు మొహం ముడుచుకున్నాడు.

మొదటి సీసా నొక్కి పగలగొట్టింది. రెండోది నొక్కకపోయినా నీళ్లు ఆరిపోయి వేడెక్కి పగిలింది. ఇంకోటి కన్నం పడుతూ పడుతూ ఆఖర్లో పెచ్చులూడింది. సైన్సు పాఠాలు చెప్పిన మనిషికి వేడికి గాజు ఎందుకు పగులుతుందో తెలుసు. తెలిసినా చేతికి రావద్దూ. చివరికి వంటింటి బుద్ధే పనికొచ్చింది. చపాతీ పిండి ముద్ద తీసుకుని, కన్నం పెట్టాల్సిన చోటు చుట్టూ గాజు మీద చిన్న గట్టు కట్టింది. ఆ గట్టు మధ్యలో నీళ్లు పోస్తే కదలకుండా నిలిచాయి. బిట్ ఆ నీళ్లలో మునిగి తిరుగుతుంటే గాజు వేడెక్కలేదు, బియ్యం కడుగులా తెల్లగా అరిగిన పొడి పైకి తేలింది. ఆ సీసా పగల్లేదు. దాని తర్వాతదీ పగల్లేదు.

అప్పుడు నెమలి సీసా వంతు వచ్చింది. తడి తువ్వాలు పరిచిన పళ్లెంలో దాన్ని పడుకోబెట్టి, నెమలికి వెనకవైపు, అడుగుకి కాస్త పైన చుక్క పెట్టుకుని, పిండి గట్టు కట్టింది. నీళ్లూ కరెంటూ ఒకచోట ఉంటే ఆర్థర్‌కి గుండె దడ. స్విచ్చి మీద చేయి వేసి నిలబడ్డాడు.

"గార్డుగారూ, పచ్చజెండా ఊపుతారా?" అంది మేబెల్.

"నీ చేయి వణికితే ఎర్రజెండా. నిన్నడగను" అన్నాడు ఆర్థర్.

బిట్‌ని ఏటవాలుగా ఆనించి, చిన్న గీటు పడ్డాక నిటారుగా నిలబెట్టింది. మందపాటి గాజు, ఒక పట్టాన దిగలేదు. మెడ నొప్పి పుట్టింది, చెమట కళ్లలోకి కారింది. ఒకసారి ఇక చాలు నొక్కేద్దామనిపించింది. మంచం పక్కన కూర్చుని చివరి గుక్క దిగేదాకా కదలని మనిషి గుర్తొచ్చి చేయి తేలిక చేసుకుంది. ఎంతసేపటికో బిట్ కింద గాజు పలచబడి చప్పుడు మారింది. బిట్ సుతారంగా లోపలికి జారి, గట్టులోని నీళ్లన్నీ సీసాలోకి దిగిపోయాయి. గాజు బిళ్ల ఒకటి లోపల టింగుమని మోగింది.

మేబెల్ ఆ సీసాని గుండెలకి హత్తుకుని, పిండీ నీళ్లూ చీరకి అంటుతున్నా చూసుకోకుండా, "స్తోత్రం" అంది. కన్నం అంచు వాటర్‌పేపర్‌తో రుద్ది రుద్ది వేలికి నున్నగా తగిలేలా చేసింది. క్రిస్మస్ నక్షత్రంలో పెట్టే సీరియల్ బల్బుల దండని మెడలోంచి లోపలికి వదిలి, వైరు కొసని కన్నంలోంచి బయటికి లాగింది. ఆర్థర్ దానికి పిన్ను బిగించాడు. స్విచ్చి వేస్తే ఆకుపచ్చ వెలుగులో నెమలి గోడంతా పురి విప్పింది. ఆర్థర్ మూడు రోజుల మొహం ఆ పూట విప్పారింది.

"ఎప్పుడిస్తావ్?" అన్నాడు.

"ఆదివారం. చర్చి నుంచి వచ్చాక."

మర్నాడు సాయంత్రం పర్వతాలు వచ్చాడు. మార్కెట్ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కామీద ఉల్లిపొట్టు ఉంది. బల్లమీద సీసా దీపం తువ్వాలు కప్పుకుని ఉంది. మేబెల్ గుమ్మానికి అడ్డంగా నిలబడి నవ్వు ఆపుకుంది.

"ఏం లేదు టీచరమ్మా, మా సీస మీకాడ ఉన్నదంట గద. జెర ఇస్తె తీస్కపోత" అన్నాడు పర్వతాలు.

"ఆదివారం నేనే తెచ్చిస్తానండీ."

"ఆయితారం కాదమ్మా, అంతకు ముందే కావాలె. ఆయితారమే లష్కర్ బోనాలు. గుడిల అమ్మవారి దీపానికి నూనె గా సీసలనే తీస్కపోతది పుష్ప. మా అమ్మ ఉన్నప్పటిసంది గంతే. దుకాణం పోయినంక మిగిలింది గదొక్కటే సీస, అండ్ల దీపం నూనె తప్ప ఏం పోసెటోళ్లం కాదు."

మేబెల్ నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. "మరి... నాకు అందులో బార్లీ నీళ్లు పంపారు కదండీ."

"ఆఁ, నేను సుత అడిగిన. ఇంట్ల ఇంక సీసలు లెవ్వా అన్న. కామెర్లు ముదిరినయ్, మనిషి దక్కుతదో లేదో, ఇంట్ల అన్నిట్లకంటె శుద్ధమైన దాంట్లనే పంపాలె, అమ్మవారే సూస్కుంటది అన్నది. పండుగ ముంగట చింతపండేసి తోముకుంటది, ఏం కాదు. రేపు ఇస్తవా మరి?"

"రేపిస్తాను" అంది మేబెల్.

పర్వతాలు వెళ్లాక ఆమె బల్ల దగ్గర కూలబడింది. ఆ బార్లీ నీళ్లు అంత చల్లగా కడుపులోకి ఎందుకు దిగేవో ఇప్పుడు తెలిసింది. తన దేవత దీపానికి ఎత్తిపెట్టుకున్న సీసాని, తన గుడి గడప తొక్కని మనిషి కోసం దించి ఇచ్చింది పుష్పమ్మ. ఆ సంగతి ఒక్కసారి కూడా నోటితో అనలేదు. తానేం చేసింది? కూర్చుని, ఎంతో ఓపిగ్గా, చెమటోడ్చి, దానికి కన్నం పెట్టింది. ఇంక పోసిన నూనె పోసినట్టే కారిపోతుంది.

ఆర్థర్ అన్నీ విని, "లప్పం పెట్టి మూసేద్దామా?" అన్నాడు.

"వాళ్ల అమ్మవారి దీపానికి లప్పం పెట్టిన సీసాలో నూనా?"

మర్నాడు పొద్దున ఆర్థర్ చిలకలగూడ దాకా పాతసామాన్ల దుకాణాలన్నీ తిరిగి వచ్చాడు. నెమలి ఎక్కడా లేదు. మేబెల్ ఆ పొద్దున కీర్తన పాడలేదు, మోకాళ్ల మీద కూర్చుంది. తండ్రీ, వాళ్ల అమ్మవారి నూనె విషయంలో నా పరువు కాపాడు, ఆమె మనసు మాత్రం నొప్పించనివ్వకు అని వేడుకుంది. ఇలాంటి ప్రార్థన పరలోకానికి అంతకుముందు చేరి ఉండదు. అడుగుతున్నది సబబో కాదో ఆమెకే తెలియలేదు, అయినా అడిగింది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి, సీసా దీపాన్ని తువ్వాల్లో చుట్టుకుని గోడవతలికి వెళ్లింది. ఆర్థర్ తోడొస్తానంటే వద్దంది. పుష్పమ్మ వాకిట్లో కూర్చుని బోనం కుండకి పసుపు పూస్తోంది. ఏమీ దాచకుండా, ముందు మాట ముందు, తర్వాత మాట తర్వాత, తప్పు చేసిన పిల్ల హెడ్మాస్టరు ముందు చెప్పినట్టు చెప్పింది మేబెల్. చెప్పి, తువ్వాలు విప్పి, సీసాని తిప్పి కన్నం చూపించింది.

పుష్పమ్మ పసుపు చేతులు కడుక్కుని వచ్చి సీసా అందుకుంది. కన్నంలోకి చిటికెన వేలు పెట్టి చుట్టూ తిప్పింది.

"పలగకుంట ఎట్ల పొడిచినవ్?" అంది పుష్పమ్మ.

"చపాతీ పిండితో గట్టు కట్టి, నీళ్లు పోసి..."

"గీ వయసుల నీకీ తక్లీఫ్ అవుసరమా? నేనడిగిన్నా దీపం?"

"మీరడగలేదు. మీరేదీ అడగరు, ఏదీ తీసుకోరు. కన్నం ఉంటే మళ్లీ నింపి పంపలేరు కదా అని చేశాను. నాకు తెలియలేదు పుష్పమ్మ గారూ. తెలిసుంటే ముట్టుకునేదాన్ని కాదు."

పుష్పమ్మ లోపలికి వెళ్లిపోయింది. వాకిట్లో మేబెల్ ఒక్కతే నిలబడింది. అయిపోయింది అనుకుంది. ఇక జీవితాంతం నల్లా దగ్గర మర్యాదలే అనుకుంది. ఇంతలో పుష్పమ్మ ఎక్స్‌టెన్షన్ బోర్డు ఈడ్చుకుంటూ వచ్చి, అరుగు మీద పెట్టి, "పిన్ను పెట్టు సూత్తం" అంది.

మేబెల్ పిన్ను పెట్టింది. అరుగు వెనక గోడమీద, అమ్మవారి పటం పక్కనే, నెమలి పురి విప్పింది. పుష్పమ్మ ముఖం మీద పచ్చని వెలుగు పడింది. ఆమె చేయి చాపి గోడమీది నీడని తడిమింది. ఆ అరచేతిలో గాజు పెంకు మచ్చ ఇంకా ఉంది.

"మా ఆయన దుకాణంల సాయంత్రం లైటేస్తే ఇట్లనే పడుతుండె నెమలి" అంది. సీసా వైపు తిరిగి, "నూనె తీస్కపోయేది దీపానికే గద. ఇప్పుడు సీసనే దీపమైంది. అమ్మవారు ఏమంటది? ఏమనది. నూనె చెంబుల తీస్కపోత" అంది.

మేబెల్ అరుగు మీద కూర్చుని ఏడ్చేసింది. పుష్పమ్మ పక్కన కూర్చుని ఏడవనిచ్చింది. తర్వాత తన మాట తను చెప్పింది.

"ఇన్ని దినాలసంది నువ్వు నింపి నింపి పంపుతుంటె నాకెట్లుండె ఎరికేనా? దుకాణంల సామాను కొన్నట్లుండె. మా చెల్లె ఎల్లమ్మ ఉన్నది గద. నేను డబ్బల కూర పంపితె తింటది, ఉత్త డబ్బ తెచ్చి నా ముంగట పడేస్తది. ఒకోసారి కడగది సుత. నువ్వు సుత ఒక్కపారన్న ఖాళీ సీస ఇస్తవేమో అని సూస్తుంటి. నువ్వియ్యవైతివి."

"మరి మీరెందుకు ప్రతిసారీ నింపి పంపారు?"

"నువ్వు పంపినంక ఊకుంటనా? నేనేం తక్కువదాన్నా?" అంది పుష్పమ్మ. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. లోపల్నుంచి పర్వతాలు ఏమైందోనని తొంగిచూసి, నెమలిని చూసి గుమ్మంలోనే కూర్చున్నాడు.

ఆదివారం మేబెల్, ఆర్థర్ చర్చి నుంచి వచ్చేసరికి వీధి డప్పులతో దద్దరిల్లుతోంది. పుష్పమ్మ బోనమెత్తుకుని, పక్కన పర్వతాలు నూనె చెంబు పట్టుకుని వెళ్లడం మేబెల్ గుమ్మంలోంచి చూసింది. అరుగు మీద పట్టపగలే నెమలి దీపం వెలుగుతోంది. బోనాలతో వెళ్లే ఆడవాళ్లు ఆగి చూస్తే, "మా టీచరమ్మ చేసింది" అని పుష్పమ్మ తలమీది బోనాన్ని ఒక చేత్తో పట్టుకునే చెప్పింది.

గుడి నుంచి వచ్చాక ఆమె గోడ మీదుగా స్టీలు డబ్బా అందించింది. "అమ్మవారికి పెట్టకముందే నీ కోసం తీసిపెట్టిన. మీ దేవునికి కోపం రాకుంట. తినొచ్చు" అంది. అంత హడావిడిలో, అన్ని పనుల్లో, అది గుర్తు పెట్టుకుని పక్కకి తీసిపెట్టింది. మేబెల్ డబ్బాని రెండు చేతులా అందుకుంది. లోపల పోలెలు, పరమాన్నం. మొగుడూ పెళ్లాలు అడుగు గీరుకుని తిన్నారు.

మర్నాడు మేబెల్ డబ్బా కడిగి తుడిచింది. అలవాటు చొప్పున చేయి అల్మరా వైపు వెళ్లింది. అక్కడ దేవకృప పంపిన పూతరేకులు ఉన్నాయి. వాళ్లమ్మ నేర్పిన పాఠం చెవిలో మోగింది. ఆమె అల్మరా తలుపు తీసింది, పూతరేకుల వంక చూసింది, తలుపు వేసేసింది. అది ఆమెకి గాజుకి కన్నం పెట్టడం కన్నా కష్టమయింది. మూత పెట్టిన ఖాళీ డబ్బా పట్టుకుని గోడ దగ్గరికి నడిచింది.

"అక్కా" అని పిలిచింది. ఆ పిలుపు ఆ గోడ మీదుగా అదే మొదటిసారి. "ఇదిగో నీ డబ్బా."

పుష్పమ్మ అందుకుంది. తేలిగ్గా ఉండేసరికి మూత తీసి లోపలికి చూసింది. నమ్మకం కుదరక బోర్లించి కూడా చూసింది. ఏమీ రాలలేదు. డబ్బాని చంకలో పెట్టుకుని, పెంకులు రాల్చేసిన గోడమీద చేయి వేసి నిలబడి, తృప్తిగా నవ్వింది.

"గిప్పుడు వచ్చినవ్ చెల్లె మా ఇంటికి" అంది.